అప్పాజీ గారి మోకాలి నొప్పి

గోడ గడియారం ఎనిమిదిన్నర కొట్టగానే అప్పాజీ గారు మొదటి గ్లాసు ఎత్తారు. వరండాలో స్టూలు మీద ఇంకో రెండు గ్లాసులు ఉన్నాయి. మూడింటిలోనూ నీళ్ళు ఒక్క మట్టంలో ఉన్నాయి. ఉండకపోతే ఆయన ఊరుకోరు.

"ఎనిమిదీ నలభైకి మూడోది అయిపోవాలి. ఎనిమిదీ నలభై అయిదుకి సత్తియ్య ఆటో తీయాలి. తొమ్మిదిన్నరకి నేను రాజమండ్రిలో బల్ల మీద ఉండాలి," అన్నారు.

"అయిదు వారాలుగా ఇదే పాట వింటున్నానండి. మాట్లాడకుండా తాగండి," అంది వెంకటదుర్గ.

అప్పాజీ గారు సర్వేయరుగా రిటైరయ్యి ఎనిమిదేళ్ళయింది. ఆయన రిటైరయ్యారు గానీ ఆయనలోని సర్వేయరు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు. కోరుకొండ చుట్టుపక్కల పది ఊళ్ళలో ఆయన కొలవని చేను లేదు. రాత్రికి రాత్రి సరిహద్దు రాయి జరిపి పొద్దున్నే అమాయకంగా ముఖం పెట్టిన రైతుల్ని ఆయన ముప్పై ఏళ్ళు పట్టుకున్నారు. "మనిషి అబద్ధం చెబుతాడు, రాయి చెప్పదు" అనేది ఆయన మాట. అలాంటి మనిషి ఇప్పుడు అరవై ఆరో ఏట రోజూ ఉదయం ఒక అబద్ధం చెప్పి ఇల్లు దాటుతున్నారు.

ఆ అబద్ధం వసారాలో నుంచి నడిచి వచ్చింది. అంటే, ఆ అబద్ధం ఎవరి కోసం పుట్టిందో ఆవిడ వచ్చింది. ఆయన తల్లి మాణిక్యాంబ. ఎనభై అయిదేళ్ళు. చేతిలో వేడిగా ఆవిరి కక్కుతున్న వావిలాకు మూట.

"ఒరేయ్ అబ్బాయ్, కాలు చాపు. వెళ్ళే ముందు ఒకసారి కాపడం పెడతాను."

"వచ్చాక పెట్టుదువు గాని అమ్మా, టైమవుతోంది."

"మోకాలికి టైమేంట్రా. చాపు."

ఆయన చాపారు. ఆవిడ మూట అద్దింది. ఆయన "అబ్బా" అన్నారు. నిజంగానే అన్నారు, ఎందుకంటే అయిదు వారాల కాపడానికి ఏ జబ్బూ లేని ఆ మోకాలు ఎర్రగా కమిలిపోయి నిజంగా నొప్పెట్టడం మొదలుపెట్టింది.

అసలు సంగతి ఏమిటంటే, అప్పాజీ గారికి ప్రోస్టేటు క్యాన్సరు. తొందరగానే బయటపడింది. రాజమండ్రిలో కొత్తగా మిషను తెచ్చిన ఆసుపత్రిలో ముప్పై ఎనిమిది రోజులు రేడియేషను పెట్టాలన్నారు. రేడియేషను అంటే మన వైపు అందరూ "కరెంటు పెట్టడం" అంటారు. ఆ మాట ఆ ఇంట్లో అనడానికి లేదు.

ముప్పై అయిదేళ్ళ కిందట అప్పాజీ గారి తండ్రికి ఇదే జబ్బు వచ్చింది. అప్పుడు దూరంగా ఏదో పెద్ద ఊరు తీసుకెళ్ళి కరెంటు పెట్టించారు. ఆ రోజుల్లో మిషన్లకి తెలిసింది తక్కువ. జబ్బుతో పాటు చుట్టుపక్కలంతా కాలిపోయింది. పేగులు పుండైపోయి ఆయన ఏడాది పాటు మంచం మీద తిండి లేక, నిద్ర లేక పోయారు. ఆ ఏడాదంతా ఆయన్ని శుభ్రం చేసిందీ, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నదీ మాణిక్యాంబ. కర్మకాండలయ్యాక ఆవిడ కొడుకుని పిలిచి ఒకే మాట అడిగింది. "ఈ ఇంట్లో ఇంకెవరికీ కరెంటు పెట్టించనని మాటివ్వు." ఇచ్చారు.

అందుకే మోకాలు. "మోకాలి చిప్ప అరిగిపోయిందమ్మా, రోజూ వెళ్ళి వ్యాయామం చేయించుకోవాలి" అని చెప్పేశారు. నిజం తెలిసింది భార్యకీ, భీమవరంలో ఉన్న కూతురు హారతికీ మాత్రమే.

"బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టారు. ఈ ముడి ఎప్పుడో మన మెడకే చుట్టుకుంటుంది," అని వెంకటదుర్గ మొదటి రోజే అంది. ఆయన వినలేదు. వినే గుణం ఉంటే అన్ని కోర్టు వ్యాజ్యాల్లో సాక్ష్యం చెప్పేవారా.

ఆయన ఆ వైద్యానికి ఒప్పుకోవడం వెనక కూడా ఒక కొలత ఉంది. డాక్టర్ జీవరాజు గారు మొదటి రోజు ఆయన ఉద్యోగం ఏమిటో అడిగి, కాగితం మీద మూడు గడులు గీశారు.

"మధ్యలో ఉన్నది మీ ప్రోస్టేటు. అయిదు సెంట్ల స్థలం అనుకోండి. ముందున్నది మూత్రాశయం, వెనకున్నది పేగు. ఇద్దరూ మంచి పొరుగువాళ్ళు, వాళ్ళ జోలికి మనం పోకూడదు. ఈ మిషను మీ చుట్టూ తిరుగుతూ, లోపల సన్నటి లోహపు రేకులు జరుపుకుంటూ, ఆ అయిదు సెంట్ల ఆకారంలోనే కిరణం వదులుతుంది. రోజూ ముందు ఫోటో తీసి, హద్దులు చూసుకుని, అప్పుడు వేస్తుంది."

"నీళ్ళెందుకండి?"

"మూత్రాశయం నిండితే పైకి లేచి దారి ఇస్తుంది. ఖాళీగా ఉంటే కిందికి వాలి మధ్యలోకి వచ్చేస్తుంది."

"తేడా ఎంత రావొచ్చండి?"

"మూడు నాలుగు మిల్లీమీటర్లు దాటనివ్వం."

అప్పాజీ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చేలల్లో కొలత గొలుసులు లాగి లాగి బతికిన మనిషి. కాగితం మీద ఎక్కడ సంతకం పెట్టాలో అడిగారు.

ఒక్క విషయంలోనే పేచీ పెట్టారు. మిషను దగ్గర పని చేసే సారిక, భీమవరం అమ్మాయి, బొడ్డు కింద ఒకటీ, రెండు తుంటి పక్కలా చెరొకటీ గుర్తులు పెట్టాలని చెప్పింది. రోజూ వాటిని బట్టే మనిషిని బల్ల మీద సరిగ్గా పడుకోబెడతారు.

"సూదితో మూడు చుక్కలు పొడుస్తాను సార్, పచ్చబొట్టులా ఉంటాయి, చెరగవు."

"పచ్చబొట్లు మా ఇంటా వంటా లేవమ్మా. ఇంకుతో గీయి," అన్నారు ఆయన గంభీరంగా. ఇంటా వంటా లేనిదేమో గానీ, సూది అంటే ఆయనకి చెడ్డ భయం.

సారిక ఇంకుతో మూడు చోట్ల అడ్డగీతా నిలువుగీతా గీసింది. సబ్బు పెట్టకూడదు, నూనె తగలకూడదు, రుద్దకూడదు అని మూడుసార్లు చెప్పింది. ఆయన బొడ్డు నుంచి ఏ గుర్తు ఎంత దూరమో అడిగి తెలుసుకుని, ఇంటికొచ్చి డైరీలో రాసుకున్నారు. అలవాటు.

శనాదివారాలు పోగా, శుక్రవారంతో ఇరవై రెండు రోజుల వైద్యం అయింది. శనివారం నరక చతుర్దశి.

తెల్లవారకముందే మాణిక్యాంబ పెరట్లో పీట వేసి, గిన్నెలో నువ్వుల నూనె, పళ్ళెంలో సున్నిపిండి, కాగులో వేడినీళ్ళు సిద్ధం చేసి కొడుకుని పిలిచింది. చతుర్దశి నాడు తల్లి చేత తలంటు ఆ ఇంట్లో ఏనాడూ తప్పలేదు. అరవై ఆరేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా తప్పించుకోలేకపోయారు.

"తలకి మాత్రం పెట్టమ్మా. ఒంటికి వద్దు, జలుబు చేసింది."

"జలుబు చేస్తే ఒంటికే పెట్టాలి. కూర్చో."

ఇక్కడ ఆయన కాదనొచ్చు. కానీ కాదంటే ఎందుకని అడుగుతుంది. అడిగితే ఒళ్ళు చూస్తుంది. చూస్తే గుర్తులు కనిపిస్తాయి. అందుకని తువ్వాలు పైకి బిగించి కట్టుకుని పీట మీద కూర్చున్నారు. చీకట్లో ఏం కనిపిస్తుందిలే అని ఆయన ధైర్యం. ఎనభై అయిదేళ్ళ ఆవిడకి చీకట్లో కళ్ళు కనిపించకపోవచ్చు, చేతులకి బాగానే కనిపిస్తుంది. నూనె పోసి, సున్నిపిండి పట్టించి, తువ్వాలు జానెడు కిందికి లాగి, అరవై ఆరేళ్ళ కొడుకుని ఆరేళ్ళ పిల్లాణ్ణి రుద్దినట్టు రుద్దేసింది.

"అమ్మా, అక్కడొద్దు."

"ఊరుకో. ఇక్కడంతా మట్టి పేరుకుపోయింది. నీ పెళ్ళాం చూసుకోదు, నువ్వు చూసుకోవు."

మూడు చోట్లా మట్టి వదిలిపోయింది. వెంకటదుర్గ హారతి పళ్ళెం పట్టుకుని వచ్చేసరికి ఆయన పీట మీద నీళ్ళోడుతూ, ముఖం వేలాడేసుకుని కూర్చున్నారు. ఆవిడ ఒక్క చూపులో అంతా గ్రహించింది. పండగపూట అత్తగారి ముందు నోరు మెదపలేక, కర్పూరం వెలిగించి ఆయన ముఖం చుట్టూ మామూలుకంటే వేగంగా తిప్పింది.

ఆదివారం మధ్యాహ్నం, మాణిక్యాంబ భోజనం చేసి పడుకున్నాక, భార్యాభర్తలు గదిలో గడియ పెట్టుకున్నారు. అప్పాజీ గారు బీరువా అద్దం ముందు చొక్కా పైకెత్తి నిలబడ్డారు. ఒక చేతిలో డైరీ, ఒక చేతిలో టేపు. కూతురు హారతి పెళ్ళిలో గుండిగల మీద పేర్లు రాసిన నల్ల మార్కరు మంచం మీద ఉంది.

"టేపు కొస బొడ్డు దగ్గర పట్టుకో. కదలనివ్వకు."

"ఆసుపత్రికి ఫోను చేసి, చెరిగిపోయాయని చెబితే పోలా?"

"ఎలా చెరిగాయంటారు. అమ్మ రుద్దిందంటాను. ఆవిడకి చెప్పలేదా అంటారు. ఇదంతా ఎందుకు, నా దగ్గర కొలతలున్నాయి."

"మీరు కొలిచేది చేను కాదండి, పొట్ట."

"కొలత కొలతే దుర్గా. బొడ్డుకి కిందికి నాలుగు సెంటీమీటర్లు. పక్కలకి పదిహేడున్నర. లాగి పట్టుకో."

ఆవిడ పట్టుకుంది. ఆయన ఊపిరి బిగబట్టి గీశారు. గీసిన తర్వాత అద్దంలో చూసుకుని తృప్తి పడ్డారు. అంతటితో ఊరుకోకుండా, గీతల చివర్లలో సన్నగా బాణం గుర్తులు కూడా పెట్టారు. వెంకటదుర్గ తల పట్టుకుంది.

సోమవారం కార్తీక మాసం మొదలు. మొదటి రోజే సోమవారం వచ్చింది. అప్పాజీ గారు మూడో గ్లాసు పూర్తి చేసి భార్యతో ఆటో దగ్గరికి వెళ్ళేసరికి, లోపల మాణిక్యాంబ పట్టుచీర కట్టుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"నన్ను కోటిలింగాల రేవులో దింపండి. స్నానం చేసి, దీపం వదిలి, గుడి దగ్గర కూర్చుంటాను. మీ వ్యాయామం అయ్యాక వచ్చి ఎక్కించుకోండి."

"ఇప్పుడా అమ్మా? టైము..."

"ఎప్పుడు చూసినా టైము టైము అంటావు. మోకాలి కోసం గోదావరిని ఆపుతావా?"

ఆపలేకపోయారు. ఊరు దాటగానే ఆవిడ పూల కోసం ఆటో ఆపించింది. ఆ తర్వాత అరటి దొప్పల కోసం ఆపించింది. సత్తియ్యకి ఆ దారిలో ఏ స్పీడ్ బ్రేకరు ఎక్కడుందో నోటికొచ్చు. అయిదు వారాలుగా ఒక్కో దాన్నీ పురిటి మంచం మోసినట్టు దాటిస్తున్నాడు. ఈ రోజు ఆలస్యమైందని కొంచెం దూకుడుగా తోలాడు. ప్రతి గుంటకీ అప్పాజీ గారు కళ్ళు మూసుకున్నారు.

"కాలు అంత నొప్పిగా ఉందేంట్రా?" అంది తల్లి.

"చాలా నొప్పిగా ఉందమ్మా."

"మరి పొత్తికడుపు పట్టుకున్నావేం?"

తొమ్మిదీ ఇరవై అయిదుకి రాజమండ్రిలో ప్రవేశించారు. రేవు అటు, ఆసుపత్రి ఇటు. "ముందు ఆసుపత్రికి పోనీ సత్తియ్యా," అన్నారు అప్పాజీ గారు. ఆ గొంతు విన్న సత్తియ్య ఇంకేమీ అడగలేదు. మాణిక్యాంబ కూడా దిగింది. కోడలితో పాటు లోపల బెంచీ మీద, పూల సంచితో సహా కూర్చుంది.

లోపల సారిక అప్పాజీ గారిని బల్ల మీద పడుకోబెట్టి, గోడల మీంచి వచ్చే ఎర్రటి లైటు గీతల్ని ఆయన ఒంటి మీది గీతలకి సరిపెట్టింది. కొంచెం సేపు ఆగి, బాణం గుర్తుల్ని వంగి చూసింది. బయటికి వెళ్ళి ఫోటో తీసింది. తర్వాత మైకులో ఆమె గొంతు వినిపించింది.

"సార్, కదలకండి. ఇంకోసారి తీస్తాను."

ఇంకోసారి తీసింది. తర్వాత తలుపు తెరుచుకుని డాక్టర్ జీవరాజు గారు వచ్చారు.

"అప్పాజీ గారూ, ఇవాళ మీరు హద్దు తప్పి పడుకున్నారు. ఒకటిన్నర సెంటీమీటరు."

"అవకాశం లేదండి. మీ మిషనే జరిగి ఉంటుంది."

"మిషను నాలుగు టన్నులండి. అది జరగదు."

"నా గీత తప్పదండి," అన్నారు అప్పాజీ గారు. అనేసిన తర్వాత నాలుక కరుచుకున్నారు.

"అదే అనుకున్నాను సార్," అంది సారిక. "నా గీతలకి ఇంత అందం ఉండదు. ఎలా కొలిచారు?"

"నీ కొలతలతోనే అమ్మా. బొడ్డు నుంచి నాలుగు, పదిహేడున్నర."

"పడుకునా, నిలబడా?"

"నిలబడే. అద్దం ముందు..." అన్నారు. ఆ మాట మధ్యలోనే ఆయనకి అర్థమైంది. చేను నిలబడి కొలిచినా వంగి కొలిచినా ఒకటే. పొట్ట అలా కాదు. నిలబడితే వేలాడుతుంది, పడుకుంటే సర్దుకుంటుంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఏ చేను మీదా చేయని తప్పు, తన పొట్ట మీద తనే చేశారు.

డాక్టర్ గారు నవ్వలేదు. "మేము ఇంకా కిరణం వదల్లేదు, భయపడకండి. ముందు ఫోటో తీసే మిషను కాబట్టి తెలిసింది. తీయని మిషను అయితే ఇవాళ ఆ ఒకటిన్నర సెంటీమీటరు పక్కన పడేది. పక్కన ఏముందో నేను మీకు చెప్పాను."

పేగు ఉంది. అప్పాజీ గారికి తండ్రి గుర్తొచ్చారు. మంచం మీద గోడవైపు తిరిగి, పళ్ళ బిగువున నొప్పి ఆపుకునే తండ్రి. అప్పాజీ గారి కళ్ళ వెంట నీళ్ళు చెంపల మీంచి చెవుల్లోకి జారాయి. పడుకుని ఉన్నారు కదా, తుడుచుకోవడానికి చేతులు కదపకూడదు.

"రాళ్ళు జరిపిన వాళ్ళని పట్టుకున్నాను ఇన్నాళ్ళూ. నేనే జరిపేశాను," అన్నారు.

"కొత్తగా గుర్తులు పెట్టి ఇవాళే ట్రీట్‌మెంట్ ఇచ్చేద్దాం. పది నిమిషాలు ఆపుకోగలరా?"

"ఆపుకుంటానండి," అన్నారు, ఎలా ఆపుకుంటారో ఆయనకే తెలియకపోయినా.

ఈలోగా సారిక బయటికి వచ్చి వెంకటదుర్గని అడిగింది. "మేడమ్, సార్ ఒంటికి నూనె గానీ సబ్బు గానీ ఎవరైనా పెట్టారా?"

వెంకటదుర్గ నోరు తెరిచే లోపల పక్క నుంచి సమాధానం వచ్చింది. "నేనే పెట్టాను. సున్నిపిండి పెట్టి రుద్దాను. ఏం?"

"అయ్యో, ఆ గుర్తులు చెరిపేస్తే ఎలాగండి, రేడియేషను..." అంటూ సారిక వెంకటదుర్గ ముఖం చూసి ఆగిపోయింది. ఆలస్యమైపోయింది. ఇంగ్లీషు రాకపోయినా ఆ ఒక్క మాట మాణిక్యాంబకి ముప్పై అయిదేళ్ళుగా తెలుసు.

పూల సంచి బెంచీ మీద వదిలేసి ఆవిడ లేచింది. సారిక "ఆగండి" అనేలోపే తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది. గది మధ్యలో తెల్లటి ఏనుగంత మిషను. దాని కింద బల్ల మీద ఆవిడ కొడుకు.

"లే," అంది.

"అమ్మా..."

"లేరా. ఇంటికి పద. నాకు మాటిచ్చావు."

"అమ్మా, నేను చెప్పేది విను. తొందరగా విను, నేను ఆపుకోలేకపోతున్నాను."

"మోకాలా ఇది? నాన్నకి వచ్చిందే కదూ?"

ఆయన తల ఊపారు. వెనకే వచ్చిన వెంకటదుర్గ గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

"ఆదివారం ఎడమ కాలు కుంటావు, సోమవారం కుడి కాలు కుంటావు. నాకు తెలియదనుకున్నావా?" అంది మాణిక్యాంబ. "ఏదో ఉందని తెలుసు. ఏంటో తెలియదు. గుండె అనుకున్నాను. రోజూ వావిలాకు కట్టేటప్పుడు నీ మోకాలు చూశాననుకున్నావా? నీ ముఖం చూశాను. నువ్వు వచ్చేదాకా గుమ్మంలో కూర్చుని, ఇవాళ వస్తాడా రాడా అని లెక్కపెట్టుకున్నాను. నన్ను భయపెట్టకూడదని దాచావు. అయిదు వారాలు ఒక్కదాన్నే భయపడ్డానురా."

అప్పాజీ గారి దగ్గర దీనికి కొలత లేదు. "తప్పయిపోయిందమ్మా," అన్నారు.

"తప్పు తర్వాత చూసుకుందాం. ముందు లే."

అప్పుడు డాక్టర్ జీవరాజు గారు ముందుకొచ్చారు. "మామ్మగారూ, తీసుకెళ్ళండి. మీ అబ్బాయిని మీరు తీసుకెళ్తానంటే ఆపడానికి నేనెవర్ని. ఒక్క నిమిషం ఇది చూసి తీసుకెళ్ళండి."

"నేను చూశాను బాబూ. ఇక్కడి నుంచి ఇక్కడిదాకా," అంటూ ఆవిడ తన పొట్ట మీద రెండు చేతులూ వెడల్పుగా పెట్టి చూపించింది. "పలకంత మేర నల్లగా మాడిపోయింది. వెన్న రాసేదాన్ని."

డాక్టర్ గారు సారికకి సైగ చేశారు. సారిక ఏవో మీటలు నొక్కింది. మిషను తల లోపల రేకులు సర్దుకున్న చప్పుడు సన్నగా వినిపించింది. గదిలో లైట్లు ఆర్పేసి, మిషను నుంచి మామూలు దీపం వెలుగు కిందికి వదిలింది. బల్ల పక్కగా పట్టుకున్న తెల్ల తువ్వాలు మీద చిన్న వెలుగు ముద్ర పడింది. గుండ్రంగా కాదు, పలకలా కాదు, ఒక వంకర టింకర కాయ ఆకారం.

"ఇది ఉత్తి లైటేనండి, కాలదు. చెయ్యి పెట్టి చూడండి. కిరణం కూడా ఇదే ఆకారంలో పడుతుంది."

మాణిక్యాంబ చెయ్యి చాపింది. ఆ వెలుగు మొత్తం ఆవిడ అరచేతిలో పట్టేసింది. వేళ్ళ మీదికి కూడా రాలేదు.

"ఇంతేనా?"

"ఇంతేనండి."

"పక్కన కాలదా?"

"కొంచెం వేడి తగులుతుంది, అబద్ధం చెప్పను. మాటిమాటికీ పెరట్లోకి వెళ్ళాలనిపిస్తుంది, నీరసంగా ఉంటుంది. కానీ ఆ పలకంత కాలడం ఉండదు. ఇరవై రెండు రోజులైంది. మీరే రుద్దారుగా, ఎక్కడైనా కాలిందా?"

ఆవిడ ఆలోచించింది. శనివారం తన చేతులతో రుద్దిన ఒళ్ళు. నున్నగానే ఉంది. అరచేతిలో వెలుగుని అలాగే పట్టుకుని నిలబడింది. తర్వాత నెమ్మదిగా అంది.

"ఆయనకి కొలిచేవాళ్ళు లేకపోయారు."

ముప్పై అయిదేళ్ళ కిందట ఏడవాల్సిన ఏడుపు కొంత మిగిలిపోయి ఉన్నట్టుంది, అది ఇప్పుడు వచ్చింది. వెంకటదుర్గ వచ్చి అత్తగారి భుజం పట్టుకుంది. ఆవిడ చీర కొంగుతో ముఖం తుడుచుకుని కొడుకు వైపు తిరిగింది.

"నీ మాట నీకు తిరిగిచ్చేశాను. పెట్టించుకో."

"అలాగే అమ్మా. ఇప్పుడు బయటికి వెళ్ళు. రెండు నిమిషాలు కూడా ఆగలేను."

"ఆగు. మళ్ళీ గీతలు గీయించుకుంటావా? మళ్ళీ చెరిగితే?"

"చెరగకుండా సూదితో చుక్కలు పొడుస్తామన్నామండి," అంది సారిక. "పచ్చబొట్లు వాళ్ళ ఇంటా వంటా లేవన్నారు సార్."

మాణిక్యాంబ కొడుకు వంక ఒక చూపు చూసి, ఎడమ చేతి రవిక పైకి జరిపింది. ముడతలు పడ్డ చర్మం మీద పచ్చగా, పాకిపోయి, ఇప్పటికీ చదవగలిగినట్టే నాలుగు అక్షరాలు.

"కోరుకొండ తీర్థంలో పొడిపించుకున్నాను. పధ్నాలుగేళ్ళు నాకు. నోటితో చెప్పకూడని పేరు, అందుకని చేతి మీద రాయించుకున్నాను. నాలుగక్షరాలకి నేను కిక్కురుమనలేదు. నువ్వు మూడు చుక్కలకి ఇంటినీ వంటనీ అడ్డం పెడతావేంట్రా. పొడువమ్మా. వీడి చెయ్యి నేను పట్టుకుంటాను."

పట్టుకుంది. కొత్త ఫోటోని బట్టి సారిక చోటు చూసుకుని మొదటి చుక్క పొడిచింది. అప్పాజీ గారు "అమ్మా" అన్నారు. రెండో చుక్కకి కూడా అన్నారు. మూడోదానికి ఏమీ అనలేదు, ఎందుకంటే అప్పటికి ఆయన శక్తి అంతా ఇంకో చోట పెట్టుబడి పెట్టారు. అందరూ బయటికి వెళ్ళారు. మందపాటి తలుపు మూసుకుంది. ఇరవై మూడో రోజు పూర్తయింది. తలుపు తెరుచుకోగానే, అయిదు వారాలుగా కుంటుతున్న మనిషి వరండాలో తల్లినీ భార్యనీ డాక్టర్నీ దాటుకుని పరిగెత్తారు.

"మోకాలు బాగానే కుదిరిందిగా," అంది మాణిక్యాంబ.

ఆ సాయంత్రం కోటిలింగాల రేవులో ఆవిడ రెండు దీపాలు వదిలింది. రెండోది ఎవరికని వెంకటదుర్గ అడగలేదు. ఆ తర్వాత పదిహేను రోజులూ ఆవిడ ఆటోలో వచ్చింది. మూడు గ్లాసుల నీళ్ళు తనే కొలిచి పోసింది. పూల కోసం ఎక్కడా ఆపించలేదు. ఆసుపత్రి బెంచీ మీద కొత్తగా వచ్చినవాళ్ళ పక్కన కూర్చుని, "కరెంటంటే భయపడకండమ్మా, ఇంతే ఉంటుంది," అని అరచెయ్యి చాపి చూపించేది.

మరుసటి ఏడాది నరక చతుర్దశి వచ్చింది. డాక్టరు మొన్ననే రక్తపరీక్ష కాగితం చూసి, మళ్ళీ ఆరు నెలలకి రమ్మన్నారు. తెల్లవారకముందే పెరట్లో పీట, నూనె గిన్నె, సున్నిపిండి పళ్ళెం, కాగు. అప్పాజీ గారు నోరెత్తకుండా వచ్చి కూర్చున్నారు. మాణిక్యాంబ నూనె పట్టించి, సున్నిపిండి పెట్టి, ఈసారి కూడా తువ్వాలు జానెడు కిందికి లాగి, మూడు చోట్లా గట్టిగా రుద్దింది.

చీకట్లో కళ్ళకి కనిపించవని, దీపం తెమ్మని కోడల్ని పిలిచింది. వెలుగులో వంగి, వేలు పెట్టి ఒక్కొక్కటీ వెతికింది.

"మూడూ ఉన్నాయి," అంది. కాగులోంచి చెంబు ముంచి, కొడుకు తల మీద వేడినీళ్ళు పోసింది.